రబ్బరు కప్ప

నీళ్ళలో ఉన్న చేపను ఇంకొకరికి చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఇంట్లో మొదట నవ్వింది నేనే. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఇప్పటికీ ఆ ఉద్యోగం పేరు ఎవరి నోట విన్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఉద్యోగం పేరు గైడు. ఆ మాటను మా ఊరికి మోసుకొచ్చినవాడు జయరామ్, మునసబుగారి కొడుకు. నగరికి అవతల, కుశస్థలి ఏటి గట్టున ఉంది మా పల్లె. అప్పటిదాకా మా వీధిలోకి జీపు రావాలంటే ఎలక్షన్లు రావాలి. ఆ కార్తీకంలో మాత్రం ఆదివారం వస్తే చాలు, మద్రాసు జీపు ఒకటి వచ్చి సరిగ్గా మా ఇంటి ముందు ఆగేది. ముందు జయరామ్ దిగేవాడు. వెనకాలే గొడుగంత టోపీ పెట్టుకుని బాలసుబ్రమణ్యం దొర దిగేవాడు. దొర అంటే తెల్లదొర కాదు. మద్రాసులో నూలు మిల్లు ఉన్న మొదలియారు. నల్లగా, బొద్దుగా ఉంటాడు, మనిషి మంచివాడే. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, గాలం పిచ్చి.

ఎప్పుడో మిల్లు పనిమీద ఇంగ్లండు పోయినప్పుడు, ఆ ఉత్తరాన ఎక్కడో మంచు కరిగి పారే ఏట్లో ఆయన చేపలు పట్టాడట. అక్కడ మన పక్కనే ఒక మనిషి నడుస్తాడట. ఏ రాయి చాటున చేప ఉందో వేలు పెట్టి చూపిస్తాడట. కాలు జారితే చెయ్యి పట్టుకుంటాడట. చేప పడితే చిక్కంతో ఎత్తి మన చేతిలో పెడతాడట. అతనే గైడు. అలాంటి మనిషి మన వైపు దొరుకుతాడా అని దొర అడిగితే, దొరక్కేం అని జయరామ్ మా ఆయన్ను చూపించాడు.

మా ఆయన పేరు తిరుమలయ్య. ఏట్లో నీళ్ళున్నంత కాలం చేపలు పట్టడం ఆయన పని. వాటిని బుట్టకెత్తుకుని నగరి సంతలో అమ్మడం నా పని.

"గైడంటే ఏందయ్యా?" అని అడిగాను.

"దోవ సూపించేవోడు."

"ఏట్లో దోవ యాడుండాది సూపించేదానికి?"

"నీకు తెలీదులేవే. దొర నాకు టోపీ పెట్టినాడు, సూడు."

"పెట్టినాడులే. నీకు తెలిసేది ఆనక" అన్నాను. మా అత్త పోలేరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ కిసుక్కున నవ్వింది. మా ఆయనకు మాత్రం అర్థం కాలేదు. ఆ ఖాకీ టోపీని కళ్ళకద్దుకుని పెట్టుకున్నాడు.

మరుసటి వారం నేను సంత నుంచి వస్తూ ఏటి దగ్గర చూశాను. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. మా ఆయన దొరను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఏరు దాటిస్తున్నాడు. దొర బూట్లు తడవకూడదట. ఒడ్డున జయరామ్ చేతులు కట్టుకుని నిలబడి, "జాగ్రత్తరా, జాగ్రత్త" అంటున్నాడు. నేను మా నాయన ముసలితనంలో కాళ్ళు పడిపోతే ఆయన్ను అట్లా మోశాను. దానికి సిగ్గు లేదు. ఇది చూస్తే నాకు సిగ్గేసింది, సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. ఇంటికొచ్చాక అడిగితే, "అది కూడా గైడు పనేనే" అన్నాడు.

అయితే ఇంతవరకూ వచ్చింది ఉత్త చిరాకే. అసలు కోపం మీకు అర్థం కావాలంటే గుండ్లమడుగులోని రెండు చేపల సంగతి చెప్పాలి.

అంతకు ముందు వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఏరంతా ఇసుక. ఊరికి ఎగువన, బండల మధ్య ఉండే గుండ్లమడుగు ఎండడం మా అత్త తన పుట్టుకలో ఎరగదు. ఆ ఎండాకాలం అదీ ఎండింది. అడుగున బురద పెచ్చులు కడుతుంటే మా అత్త మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తోనే ఆ బురదను తవ్వింది. కొరమీను అంత సులభంగా చచ్చే చేప కాదు, తడి తగిలితే చాలు, బురదలో దాక్కుని గాలి పీల్చుకుంటూ బతుకుతుంది. రెండు దొరికాయి. ఒకటి ఆడది, ఒకటి మగది. తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, మేం వడ్లు పోసుకునే పెద్ద బానలో నీళ్ళు నింపి వదిలింది. ఆ ఏడు వడ్లెక్కడివి, బాన ఖాళీగానే ఉంది. మేం బిందెడు మంచినీళ్ళ కోసం పక్క ఊరికి నడిచిపోయే రోజుల్లో, తెచ్చిన నీళ్ళలో వాటికీ వాటా పెట్టాం. కొరమీను ఎగిరి దూకుతుంది కాబట్టి బాన మీద చాట మూసి, చాట మీద తిరగలి రాయి పెట్టేవాళ్ళం.

ఒకరోజు మా ఆయన వాటికి వానపాములు వేసి, రాయి పెట్టడం మరిచాడు. ఆడది దూకి వాకిట్లో పడింది. పిల్లి వచ్చి తోక పట్టింది. మా అత్త చీపురుకట్ట తీసుకుని పిల్లిని తరిమి, చేపను మళ్ళీ బానలో వేసింది గానీ, తోక చివర ఒక ముక్క పోయింది. ఆ తెగిన చోటు గుండ్రంగా మానింది.

ఆశ్వయుజంలో ఏరు వచ్చింది. రెండింటినీ మోసుకుపోయి గుండ్లమడుగులో వదిలాం. "పోయి రాండి నాయనా, పిల్లాజెల్లతో సల్లంగుండండి" అని మా అత్త నీళ్ళకు దండం పెట్టింది. ఏటి పొడుగునా ఎంత వెతికినా ఇంకో కొరమీను లేదు. ఆ జంట పిల్లల్ని పెడితేనే ముందు ముందు మా బుట్టలో కొరమీను ఉంటుంది. లేకపోతే జెల్లలు, పరిగెలు అమ్ముకుని గంజి తాగడమే.

మా ఇంటికి ఒక కట్టు ఉంది. కొరమీను పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక కొన్నాళ్ళు ఎర్రగా, కుంకుమ చల్లినట్టు గుంపుగా నీళ్ళ మీద తేలుతుంటాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. గుంపు దగ్గరికి ఏది వచ్చినా, ఆకలి ఉన్నా లేకున్నా, వెనకాముందూ చూడకుండా నోరు తెరిచి దాని మీద పడతాయి. ఆ రోజుల్లో వాటిని పట్టడం గాలం పట్టుకోవడం రానివాడికి కూడా చేతనవుతుంది. అందుకే పట్టకూడదు. పిల్లలున్న కొరమీనును మా ఇంట్లో చేప అనరు, బాలింత అంటారు. ఎర్ర గుంపు కనబడిన రోజున ఇంట్లోని గాలాలన్నీ కడిగి, పసుపు పూసి, గుడ్డలో మూటకట్టి చూరులో దోపుతుంది మా అత్త. దోపేముందు ఇంటిల్లిపాదీ ఆ మూట మీద చెయ్యి పెట్టి ఒక మాట అనాలి. "బాలింతకు ఎర చూపను." పిల్లలు నల్లబడి ఎవరి దోవన అవి చెదిరిపోయాకే మూట విప్పడం. విప్పాక పడిన మొదటి కొరమీను ఊళ్ళో ఏ ఇంట్లో బాలింత ఉంటే ఆ ఇంటికి, పత్యానికి ఊరికే ఇస్తాం. వాళ్ళు ఏ కులమని అడగం.

ఆ కార్తీకం చివర్లో ఎర్ర గుంపు తేలింది. బట్టలుతకడానికి పోయి మొదట చూసింది నేనే. ఉతికిన బట్టలు బండ మీదే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. అదే వారంలో, పురిటికి వచ్చిన మా ఆడబిడ్డ భారతమ్మ ఆడపిల్లను కన్నది.

"ఇంట్లో ఒక బాలింత, ఏట్లో ఒక బాలింత. ఇంగ నాకేం గావాల" అని మా అత్త మురిసిపోయింది.

గాలాల మూట కట్టింది. నేను చెయ్యి పెట్టి మాట అన్నాను. భారతమ్మ మంచంలోంచే చెయ్యి చాచి అంది. మా ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని మరీ అన్నాడు.

ఇక్కడ దొర సంగతి చూస్తే, వచ్చిన ప్రతిసారీ ఊరికి దిగువన గాలం వేసి, జానెడు జెల్లలు తప్ప ఏమీ లేక వెళ్ళిపోతున్నాడు. ఆయన దగ్గర ఒక పెట్టె ఉంది. అందులో రేకు చేపలు, ఈకల పురుగులు, ఒక ఆకుపచ్చ రబ్బరు కప్ప. కప్ప పొట్ట కింద రెండు కొక్కేలు. దాన్ని నీళ్ళ మీద విసిరి లాగితే నిజం కప్ప గెంతినట్టే ఉంటుందని మా ఆయన ఇంట్లో గెంతి చూపించాడు. ఒక చేపా దాన్ని ముట్టలేదు.

వారం మధ్యలో జయరామ్ మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఒరే తిరుమలా, ఈ ఆదివారం దొర ఆయన స్నేహితుణ్ణి పిల్చుకోని వస్తాండాడు. కెమెరా కూడా తెస్తాండారు. రెండు దినాలు నగరి బంగళాలో ఉంటారు. దొర మనసు సంతోషంగా ఉంటేనే నాకు నూలు ఏజెన్సీ ఇచ్చేది. నాకు ఏజెన్సీ వస్తే నీకు ఏడాది పొడుగునా పని. ఈసారి గూడా జెల్లలు సూపిస్తే ఆ టోపీ నాకిచ్చెయ్."

"పెద్ద సేప ఉండేది గుండ్లమడుగులోనేన్నా. అది బాలింత."

"బాలింతేందిరా? సేపలకు గూడా పురుడు పోస్తారా మీరు?"

పొయ్యి దగ్గర నుంచే అందుకున్నాను. "పోస్తాం జయరామన్నా. మీయమ్మ నిన్ను కన్నప్పుడు పత్యానికి పోయిన కొరమీను ఈ ఇంటిదే. పోయి అడుగు."

జయరామ్ మొహం ముడుచుకున్నాడు. "నీ పెండ్లాం నోటికి ముందు గాలం ఎయ్‌రా" అని మా ఆయనతో అని వెళ్ళిపోయాడు.

ఆ పూట అన్నం దగ్గర మా ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. కాసేపటికి తనే అన్నాడు. "దొర సెప్పినాడమ్మా. ఆ సలిదేశంలో సేపలు గుడ్లు పెట్టే కాలంలో ఎవురన్నా గాలం ఏస్తే పోలీసోడు వచ్చి పట్టుకోని పోతాడంట."

"మంచి దేశమే" అంది మా అత్త. "ఆడ గూడా ఒక పోలేరమ్మ ఉన్నట్టుండాది."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసే నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆదివారం సాయంత్రం, పొద్దు గూకే వేళ, నేను పెరట్లో భారతమ్మకు నీళ్ళు కాస్తున్నాను. మా ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడు. చేతిలో తాడు, తాడుకు మొప్పల్లోంచి గుచ్చిన కొరమీను. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంది. ఇంకా నోరు కదుపుతోంది. దవడకు ఆ ఆకుపచ్చ కప్ప వేలాడుతోంది.

"యాడిదయ్యా ఇది?"

"దొర పట్టినాడు. అట్ల ఏయంగానే పట్టేసినాడు! ఫోటోలు తీసుకున్నారు. మా ఇంట్లో సెల్లెలు బాలింత సామీ అని నేనంటే, అయితే ఈ మీను నువ్వే తీస్కో తిరుమలై, నీ తంగచ్చికి పెట్టు అన్నాడు. కప్ప గూడా నన్నే ఉంచుకోమన్నాడు. ఎంత గొప్ప మనిషి సూడు!"

చేపను చాటలో వేశాడు. నేను తోక వైపు చూశాను. చూశాక ఆ తోక చివర గుండ్రంగా మానిన చోటు మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. నాకు మాట రాకపోవడం అదే మొదలు.

మా అత్త చేతులు కడుక్కుని వచ్చింది. చాట ముందు గొంతుక్కూర్చుంది. రెండు వేళ్ళతో తోకను పైకెత్తి, పొయ్యి వెలుగులో పెట్టి చూసింది. మెల్లిగా కింద పెట్టింది.

"రాయి పెట్టడం మరిసినాడు" అంది.

మా ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టుకుని, ఉన్నట్టుండి గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

"నేను మాట తప్పలేదమ్మా. ఎర సూపనన్నాను, సూపలేదు. కప్పను సూపలేదు, వానపామును సూపలేదు. అది రబ్బరు. రబ్బరు ఎరెట్లయితాది? తినేది గదా ఎరంటే? అదీగాక ఏసింది దొర. నేను గాలం ముట్టుకోను గూడా లేదు. ఈడ లోతుండాది సామీ, ఈడ ఏయండి అన్నాను, అంతే. నేను సూపించింది నీళ్ళను."

ఆయన అబద్ధం ఆడుతున్నాడని నేను అనుకోలేదు. అదే నా ఒళ్ళు మండించింది. ఆ మాటను ఆయన దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు, నమ్మేశాడు. వకీలు కూడా అంత చక్కగా విడగొట్టలేడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏటా మూట మీద చెయ్యి పెట్టి అన్న మాటలో ఎర ఒక్కటే ఆయనకు వినబడిందా? బాలింత అన్న మాట ఎటు పోయింది?

లోపల భారతమ్మ ఏడుస్తోంది. "నా కోసరమా అమ్మా దాన్ని సంపింది?"

"నీ కోసరం కాదు. నీ పేరు సెప్పుకోని" అంది మా అత్త.

చేప నోరు ఆడడం ఆగింది. మా అత్త దాని దవడలోంచి కొక్కేలు తిప్పి తిప్పి ఊడదీసింది. కప్పను కడిగి నా చేతికిచ్చింది. నేను దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టాను. తర్వాత ఆమె చేపను తీసుకుపోయి పెరటి మూల, భారతమ్మ బిడ్డ మావి పూడ్చిన చోటే గుంత తీసి పూడ్చి, పైన తిరగలి రాయి తెచ్చి పెట్టింది. ఆ రాయిని ఆమె ఒక్కతే మోసింది. సాయానికి వచ్చిన కొడుకు చెయ్యిని పక్కకు తోసేసింది.

"కూర వండుకుంటే ఏమయ్యేది? ఎట్లాగూ సచ్చింది గదా" అన్నాడు మా ఆయన. అని, అక్కడితో ఆగకుండా అనకూడని మాట ఇంకొకటి అన్నాడు. "రేపు పొద్దున మళ్ళా వస్తాండారు. ఆ స్నేహితునికీ ఒకటి గావాలంట. మగది ఉండాది గదా అని..."

మిగతా మాట మింగేశాడు. నేను వినవలసింది విన్నాను.

తెల్లవారగానే నేను భారతమ్మ పసుపు చీర అడిగాను. స్నానం చేశాక బాలింతలు కట్టుకునే పాత చీర అది. ఎందుకని అడగకుండానే ఇచ్చింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు ఏట్లో నీళ్ళు పోసుకుంటుంటే దోవకు అడ్డంగా చీర కడతారు. ఆ చీర దాటి మగవాడు అడుగు పెట్టడు, మునసబయినా, మునసబు కొడుకయినా. గుండ్లమడుగుకు ఉన్నది ఒకటే దోవ, రెండు బండల సందు. ఆ సందుకు అడ్డంగా చీర కట్టి నేను మడుగులో దిగాను. మా అత్త వచ్చి ఒడ్డున బండ మీద కూర్చుంది.

నడుం లోతు నీళ్ళు, మార్గశిరం చలి. పిల్లల గుంపు ఒక మూల కనబడింది. మొన్న నేను చూసినప్పుడు చాటంత ఉన్న గుంపు ఇప్పుడు దోసెడయింది. తల్లి లేని ఒక్క రాత్రిలో జెల్లలు ఎన్నింటిని మింగాయో. గుంపు కింద మగది అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను కూడా శత్రువనే అనుకుని వచ్చి నా పిక్కను ఒక్క గుద్దు గుద్దింది. నాకు ఏడుపొచ్చింది. గుద్దు నాయనా, గుద్దు, నీకు ఆ హక్కుంది అనుకున్నాను.

జీపు చప్పుడయింది. చీరకు అవతల అడుగులు ఆగాయి.

"ఎవురది నీళ్ళలో?" జయరామ్ గొంతు.

"నేనే జయరామన్నా, వరదమ్మను. నీళ్ళు పోసుకుంటాండాను."

"ఎంతసేపు?"

"పిల్లోళ్ళు నల్లబడేదాకా."

"యాడి పిల్లోళ్ళు? ఒరే తిరుమలా, నీ పెండ్లానికేమన్నా పిచ్చి పట్టిందా? బయటికి రమ్మని సెప్పరా!"

"వరదా" అన్నాడు మా ఆయన. గొంతు పీలగా ఉంది. "వరదా, పరువు తీయొద్దే. రా."

నేను ఉన్నచోటి నుంచి కదల్లేదు. అప్పుడు దొర గొంతు వినబడింది. "ఎన్నమ్మా? ఏం పిల్లలు? ఏమి సంగతి?"

పెద్దమనిషి మర్యాదగానే అడిగాడు. నాకు మర్యాదగా చెప్పే ఓపిక లేదు.

"దొరా, నిన్న నువ్వు పట్టింది పిల్లల తల్లిని. ఈ మడుగులో ఎర్రగా తేలతాండేవి దాని పిల్లలు. కరువులో మేం తాగే నీళ్ళు పోసి దాన్ని సాకినాం. ఈ ఏరు మొత్తానికి అదే మిగిలింది. దాని మొగుడు ఒక్కడు ఉండాడు ఇప్పుడు. వాణ్ణి పట్టేదానికి వచ్చినావు. మీ సలిదేశంలో ఇట్లాంటి పనికి పోలీసోడు వస్తాడంట గదా? ఈడ పోలీసోడు లేడు. నేనుండాను, మా అత్త ఉండాది."

అవతల ఎవరో అగ్గిపుల్ల గీశారు. కాసేపటికి దొర అన్నాడు, మెల్లిగానే, నాతో కాదు.

"తిరుమలై. నేను అడిగానే. నీళ్ళ మీద ఎర్రగా ఉన్నదే, అది ఏమది అని అడిగానే. నువ్వు నాచు అని చెప్పినావే."

నేను నీళ్ళలోంచి మా అత్త వైపు చూశాను. ఆమె కొడుకు గొంతు కోసం చెవి అటు పెట్టి కూర్చుంది. ఎంతసేపటికీ ఆ గొంతు రాలేదు. మెల్లిగా తల వంచుకుంది.

"వదిలేయండి సార్, పల్లెటూరోళ్ళు. ఒక్క గంట ఆగితే అదే లేసి పోతాది" అన్నాడు జయరామ్.

"వేండాం. పోదాం" అన్నాడు దొర.

"సార్, స్నేహితుడు అంత దూరం నుంచి వచ్చి..."

"పోదాం అన్నాను కదా, జయరామ్."

జీపు వెళ్ళిపోయింది. పోతూ పోతూ జయరామ్ చీర మీదుగా అరిచాడు. "నీ మొగునికి ఇంగ నా దగ్గిర పని లేదు, తెలిసిందా?"

"సెప్పి పోయినావు, సంతోషం!" అని నేనూ అరిచాను.

గెలిచానని మాత్రం అనిపించలేదు. దోసెడు పిల్లలు, ఒంటరి మగది. ఎవరి మీద గెలిచినట్టు? నిన్నటి నుంచీ నా కోపం దొర మీదికి, జయరామ్ మీదికి, నూలు మీదికి, టోపీ మీదికి పోతూ ఉండేది. ఇప్పుడు అన్నీ వదిలేసి ఒక్క చోటికి వచ్చి నిలబడింది. దొరకు తెలియదు, అడిగాడు. తెలిసినవాడు నాచు అన్నాడు. అమ్మ పసుపు పూసి కట్టిన మూట మీద పెట్టిన చెయ్యి ఇంకా ఆరనేలేదు, కుంకుమలాంటి పిల్లల్ని చూసి నాచు అన్నాడు. రబ్బరు ఎర కాదనడం మూర్ఖత్వం అనుకుందాం. నాచు అనడాన్ని ఏమనాలి?

మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. వస్తూనే గొంతు పెద్దది చేశాడు.

"నా కడుపు కొట్టినావు గదే! దొర ముందర నన్ను దొంగను సేసినావు!"

"నాచని సెప్పింది నేనా?"

"అయితే ఏం సెప్పాల? బాలింత, పట్టొద్దు సామీ అని సెప్తే రేపు నాకు కూలెవుడిస్తాడు? దొరో, మీయమ్మో?"

మా అత్త అక్కడే ఉంది. భారతమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని గోడవైపు తిరిగింది.

"సంగటి పెట్టు" అని పీట వేసుకుని కూర్చున్నాడు.

పెట్టాను. కంచంలో సంగటి ముద్ద పెట్టాను. పొయ్యి గట్టు మీద ఉన్న రబ్బరు కప్పను తీసి ముద్ద పక్కన పెట్టాను. దాని మీద వేడి వేడి పులుసు పోశాను. కంచం ఆయన ముందుకు జరిపాను.

"ఏందే ఇది?"

"తిను."

"రబ్బరు ఎట్ల తింటారే?"

"తినరు గదా. తినరని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ సేపకు గూడా తెలుసు. అది ఆకలికి నోరు తెరిసిందనుకున్నావా? పిల్లోళ్ళ మీదికి ఏదో వస్తాందని తెరిసింది. నువ్వు ఎర సూపలేదులే, నిజమే. ఎర సూపినా బాగుండు, పోనీలే ఆకలితో సచ్చింది అనుకుందును."

పులుసులో కప్ప పచ్చగా తేలుతోంది. ఆయన దానికేసి చూశాడు. తర్వాత కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి, టోపీ కూడా మరిచి బయటికి వెళ్ళిపోయాడు.

మా అత్త స్టూలు ఎక్కి చూరులోంచి గాలాల మూట తీసింది. అది ఇంతకాలం వాకిలి పక్కన, కొడుకు పడుకునే చోటికి పైన ఉండేది. దాన్ని తెచ్చి వంటింట్లో, నేను నిలబడే చోటికి పైన దోపింది.

"ఈసారి ఇప్పేది నువ్వే" అంది నాతో.

పిల్లలు నల్లబడి చెదిరేదాకా రోజూ మడుగు దగ్గరికి పోయాను. మాఘంలో మూట విప్పినా ఏట్లో గాలం వేయలేదు, పట్టడానికి అక్కడ ఏముందని. భారతమ్మ ఎండు చేపల పత్యంతోనే అత్తారింటికి పోయింది. మా ఆయనకు నగరిలో మగ్గాల షెడ్డులో పని దొరికింది. అక్కడి నుంచి వచ్చి తినడం, పడుకోవడం. ఊరికి మంచివాడే. నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. నేనే ఆయన్ను చూసిన ప్రతిసారీ మెత్తబడాలని చూసి మెత్తబడలేకపోయాను.

మూడో ఏటి వానలకు ఏరు బాగా వచ్చింది. కార్తీకంలో ఒకరోజు నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి మా అత్త చెవిలో చెప్పాను. ఆమె లేవలేని స్థితిలో ఉంది. అయినా గాలాల మీద పసుపు తనే పూస్తానంది, పూసింది. ఇద్దరమే మూట మీద చెయ్యి పెట్టి మాట అనుకున్నాం.

ఆ సాయంత్రం మా ఆయన షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. నా చేతుల పసుపు చూశాడు. చూరు వైపు చూశాడు. మా అత్త మొహం చూశాడు. పొయ్యి దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని, చాలాసేపు చలి కాచుకున్నాడు.

"వరదా" అన్నాడు చివరికి. "గుండ్లమడుగులో ఎర్రగా ఏమన్నా తేలిందా?"

మా అత్త నా వైపు చూసింది. నేను సంగటి కెలుకుతూనే జవాబు చెప్పాను.

"నాచు" అన్నాను.